బాపు మోకాళ్లు, లండన్ మెట్లు: బీ అండ్ బీ బుక్ చేసే ముందు

తమ్ముడూ, నువ్వు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. చెల్లె కాన్వొకేషన్ జూలైలో లండన్‌లో ఉంది, అమ్మా బాపూ మొదటిసారి విమానం ఎక్కుతున్నారు, చెల్లె ఉండే స్టూడెంట్ హాస్టల్లో అమ్మానాన్నలను ఉంచుకోనివ్వరు, హోటల్ రేట్లు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి, కింగ్స్ క్రాస్ స్టేషన్ దగ్గర ఒక బీ అండ్ బీ (బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్, అంటే పడుకోను గది, పొద్దున టిఫిన్ ఇచ్చే చిన్న గెస్ట్‌హౌస్) కాస్త అందుబాటులో కనిపించింది. బాపుకు మోకాళ్ల నొప్పులు, అమ్మ గుడ్డు కూడా ముట్టదు. అది మన స్టేషన్ రోడ్డు లాడ్జిలా ఉంటుందా, పెద్దవాళ్లను ఉంచొచ్చా, లేకపోతే లండన్ తూర్పు వైపున్న ఈస్ట్ హామ్‌లో తెలుగువాళ్ల ఇంట్లో రూమ్ చూసుకోవాలా అని నీ టెన్షన్.

ఉంచొచ్చు, ఏం భయం లేదు. కాకపోతే నువ్వు పెట్టిన స్క్రీన్‌షాట్లలో ధర, ఫొటోలు, స్టార్లు ఉన్నాయి గానీ గది ఏ అంతస్తులో ఉందో, బాత్రూమ్ లోపలో బయటో ఎక్కడా లేదు. అవి తెలియకుండా డబ్బు కట్టొద్దు. నేను అక్కడ చదువుకునే రోజుల్లో పేడింగ్టన్ వైపు ఇలాంటి ఒక ఇంట్లో ముందు పొద్దున బ్రేక్‌ఫాస్ట్ పని, తర్వాత డెస్క్ పని చేశాను, ఇప్పుడు హన్మకొండలోనే ఉంటూ తెలిసినవాళ్ల అమ్మానాన్నలు వెళ్లేటప్పుడు బుకింగ్‌లు చూసిపెడుతుంటాను. తిరిగొచ్చి తిట్టుకున్నవాళ్లలో గది చిన్నగా ఉందని తిట్టినవాళ్లు తక్కువ, నాలుగో అంతస్తు ఎక్కలేక తిట్టినవాళ్లే ఎక్కువ.

మెట్ల సంగతి వివరంగా చెప్తా. కింగ్స్ క్రాస్ దగ్గర ఆర్గైల్ స్క్వేర్, బ్లూమ్స్‌బరీలో కార్ట్‌రైట్ గార్డెన్స్, పేడింగ్టన్ దగ్గర ససెక్స్ గార్డెన్స్, విక్టోరియా వైపు ఎబరీ స్ట్రీట్, ఇవన్నీ పాత ఇళ్ల వీధులు. ఎక్కువ భాగం 19వ శతాబ్దంలో డబ్బున్న కుటుంబాల కోసం కట్టినవి, గోడకు గోడ ఆనించి ఒకే వరసలో ఉంటాయి. స్థలం వెడల్పు తక్కువ కాబట్టి ఇంటిని పైకి పెంచుకుంటూ పోయారు. నేలమాళిగలో వంటిల్లు, మధ్యలో దొరల గదులు, అన్నిటికన్నా పైన, కప్పు కింద, పనివాళ్ల గదులు. అందుకే కింద మెట్లు కొంచెం విశాలంగా ఉండి పైకి పోయేకొద్దీ ఇరుకవుతాయి, సూట్‌కేస్ పట్టుకుని మలుపు తిరగాలంటే మనిషి పక్కకు వాలాల్సిందే. చాలా ఇళ్లు చారిత్రక భవనాల జాబితాలో ఉంటాయి, కిటికీ మార్చాలన్నా కౌన్సిల్ అనుమతి కావాలి, ఇక లిఫ్ట్ ఎక్కడ పెడతారు. "లిఫ్ట్ లేదు" అని వెబ్‌సైట్లో ఎక్కడో కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, మనం చూడం.

మామూలుగా చవక గదులు రెండు చోట్ల ఉంటాయి, అట్టడుగున, అన్నిటికన్నా పైన. అడుగున ఉన్నదాన్ని బేస్‌మెంట్ లేదా లోయర్ గ్రౌండ్ అని రాస్తారు. అది చూసి గ్రౌండ్ ఫ్లోర్ అనుకోవద్దు, దానికీ మెట్లు దిగాలి, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ఎక్కడం కంటే దిగడమే కష్టం. పైగా వెలుతురు తక్కువ, పక్కనే బ్రేక్‌ఫాస్ట్ గది ఉంటే పొద్దున్నే ప్లేట్ల చప్పుడు. రోడ్డు మీది నుంచి గుమ్మం ఎక్కడానికి కూడా చాలా ఇళ్లకు మెట్లుంటాయి.

ఇంకో లోపలి సంగతి. నువ్వు యాప్‌లో "ట్విన్ రూమ్" (రెండు విడి మంచాల గది) అని బుక్ చేస్తే దానికి ఫలానా గది అని ముందే రాసిపెట్టి ఉండదు. ఇలాంటి చిన్న ఇళ్లలో ముందురోజు సాయంత్రమో ఆ పొద్దునో ఓనరో మేనేజరో ఒక పుస్తకమో కంప్యూటరో ముందేసుకుని, రేపు వచ్చేవాళ్లెవరు, ఎవరిని ఎక్కడ వెయ్యాలి అని సర్దుతారు. నేనూ అదే చేసేవాణ్ణి. "మా నాన్నకు మోకాళ్ల నొప్పి" అని మెయిల్ రాసినవాళ్ల పేరు పక్కన గుర్తు పెట్టుకుని కింది గది ఇచ్చేవాణ్ణి, ఏమీ రాయనివాళ్లకు మిగిలింది ఇచ్చేవాణ్ణి, మిగిలేది ఎప్పుడూ పైదే. వచ్చాక డెస్క్ దగ్గర నిలబడి గొడవ పడితే అప్పటికే గదులు నిండిపోయి ఉంటాయి, మార్చాలన్నా చేతిలో ఏమీ ఉండదు. కాబట్టి బుక్ చేసే ముందే ఒక మెయిల్ పెట్టు, ఫోన్ చేస్తే ఇంకా మంచిది. ఏం రాయాలో చివర్లో చెప్తా.

బాత్రూమ్. "ఎన్‌స్వీట్" అంటే గదిలోనే, "షేర్డ్" అంటే వరండాలో, నలుగురూ వాడేది. పాతికేళ్ల పిల్లలైతే షేర్డ్ తీసుకుని డబ్బు మిగుల్చుకోమంటాను, రాత్రి రెండుసార్లు లేచే వయసువాళ్లకు మాత్రం వద్దు. ఎన్‌స్వీట్ అన్నా గది మూలలో బీరువా అంత చోటులో షవర్, కమోడ్, బేసిన్ ఇరికించి ఉంటాయి. బకెట్టూ మగ్గూ ఉండవు. నేల మీద నీళ్లు పోయేందుకు మోరీ కూడా ఉండదు, షవర్ ట్రేలో మాత్రమే నీళ్లు పోతాయి. ఇది అమ్మకు గట్టిగా చెప్పు. మన అలవాటు కొద్దీ బాత్రూమ్ అంతా నీళ్లు కొట్టి కడిగితే ఆ నీళ్లు పలకల సందుల్లోంచి దిగి కింది గది సీలింగ్ మీద మరక కడతాయి. కింది గదిలో ఎవరో మంచం మీద చుక్కలు పడుతున్నాయని పొద్దున్నే డెస్క్‌కు వచ్చేవాళ్లు, పైన ఎవరున్నారో చూస్తే తొంభై శాతం మనవాళ్లే. కర్టెన్ ఉంటే దాని అంచు ట్రే లోపలికి వేసుకుని స్నానం చెయ్యాలి.

గోడకు స్విచ్ వెతికితే దొరకదు, పైనుంచి ఒక తాడు వేలాడుతుంటుంది, అది లాగితే లైటు. తడి చేతులతో స్విచ్ ముట్టకూడదని అక్కడ అలా పెడతారు. కొన్ని బాత్రూముల్లో రెండో తాడు కూడా ఉంటుంది, అది ఎలక్ట్రిక్ షవర్‌కు. లాగితే పైన చిన్న ఎర్ర లైటు వెలుగుతుంది, అప్పుడే వేడినీళ్లు. ఇది తెలియక చన్నీళ్లతో వణుక్కుంటూ స్నానం చేసి, వేడినీళ్లు రావట్లేదని రివ్యూలో రాసినవాళ్లున్నారు. వికలాంగుల టాయిలెట్లలో నేల దాకా వేలాడే ఎర్ర తాడు మాత్రం అత్యవసర అలారం, దాన్ని లాగొద్దు. బేసిన్‌కు వేడికి ఒక కొళాయి, చల్లకు ఒక కొళాయి విడివిడిగా ఉంటాయి, వేడిది నిజంగా కాలుతుంది. కమోడ్ దగ్గర కాగితమే, జెట్ ఉండదు, ఒక ఖాళీ వాటర్ బాటిల్ పక్కన పెట్టుకుంటే సరిపోతుంది. సిగ్గుపడేదేం లేదు, అందరూ చేసేదే.

ఫైర్ అలారం గురించి కూడా అమ్మకు చెప్పి పంపు. ప్రతి గదిలో సీలింగ్‌కు పొగ పసిగట్టే పరికరం ఉంటుంది. అమ్మ పొద్దున అగరుబత్తి వెలిగించి దండం పెట్టుకుంటే ఇల్లంతా మోగుతుంది, మూడంతస్తుల జనం నైట్‌డ్రెస్సుల్లో వీధిలో నిలబడతారు. దేవుడి ఫొటో పెట్టుకోవచ్చు, దీపం అగరుబత్తి వద్దు. బాపుకు సిగరెట్ అలవాటుంటే గదిలో, వరండాలో, మెట్ల మీద ఎక్కడా కుదరదు, 2007 జూలై 1 నుంచి ఇంగ్లండ్‌లో పని చోట్లలో, మూసి ఉన్న బహిరంగ స్థలాల్లో పొగతాగడం చట్టరీత్యా నిషేధం. గదిలో తాగితే క్లీనింగ్ ఛార్జీ కూడా వేస్తారు, వాసన దాచలేరు.

గదిలో కెటిల్, కప్పులు, టీ సంచులు, చిన్న చిన్న పాల డబ్బాలు పెడతారు. అది నీళ్లు కాగబెట్టడానికి మాత్రమే. పాలు పోస్తే అడుగంటి కెటిల్ పోతుంది, మ్యాగీ వండితే వాసన రెండు రోజులు పోదు. నీళ్లు కాచి విడిగా గిన్నెలో పోసుకునే ఇన్‌స్టంట్ ఉప్మా ప్యాకెట్లు దొరుకుతాయి, అవి పట్టుకెళ్లండి, ఒక స్టీలు డబ్బా, రెండు చెంచాలతో. సకినాలు, కారప్పొడి, మామిడికాయ పచ్చడి పెట్టుకోవచ్చు. చికెన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా లాంటివి మాత్రం వద్దు, మన దేశం నుంచి మాంసం, పాల పదార్థాలు వెంట తీసుకెళ్లడానికి అక్కడ అనుమతి లేదు, దొరికితే విమానాశ్రయంలోనే తీసి పారేస్తారు. సంక్రాంతికి చేసినంత మోజుగా పిన్నులూ అత్తలూ కలిసి డబ్బాలు నింపుతారు, నువ్వే దగ్గరుండి చూసుకో.

ఇక బ్రేక్‌ఫాస్ట్. మన టిఫిన్ సెంటర్‌లా ఎప్పుడు వెళ్తే అప్పుడు దొరకదు. ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకానో, ఎనిమిది నుంచి తొమ్మిది దాకానో ఒక టైం ఉంటుంది, ఒక్కో ఇంటిది ఒక్కో తీరు, శని ఆదివారాలు కాస్త ఆలస్యంగా మొదలుపెడతారు. తొమ్మిదిన్నరకు పొయ్యి ఆపేస్తే ఆపేసినట్టే, ఎందుకంటే ఆ వంటాయనే తర్వాత గదులు సర్దడానికి పైకి వెళ్తాడు. "ఫుల్ ఇంగ్లిష్" అంటే గుడ్లు, బేకన్, సాసేజ్, టమాటా సాస్‌లో ఉడికిన బీన్స్, వేయించిన పుట్టగొడుగులు, టమాటా ముక్క, టోస్ట్. బేకన్ పంది మాంసం, సాసేజ్ కూడా మామూలుగా పందిదే, నల్లగా గుండ్రంగా ముక్క కనిపిస్తే అది బ్లాక్ పుడ్డింగ్, పంది రక్తంతో చేసేది. పుడ్డింగ్ అన్నారు కదా అని స్వీట్ అనుకుని కొరికినాయన మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. "కాంటినెంటల్" అని రాసి ఉంటే వేడిగా ఏమీ ఉండదు, బ్రెడ్డు, జామ్, కార్న్‌ఫ్లేక్స్, పెరుగు, జ్యూస్, గంతే.

అమ్మకు ఏం పెట్టాలంటే, బీన్స్ శాకాహారమే, పుట్టగొడుగులు, టమాటా తినొచ్చు, కానీ బేకన్ వేగిన పెనం మీదే వాటినీ వేస్తారు, రద్దీలో ఎవరూ పెనం కడగరు. వేరే పెనంలో వెయ్యమని ముందు రోజు రాత్రే చెప్పాలి, పొద్దున ఎనిమిదింటికి చెబితే "ఓకే" అంటారు, నమ్మలేం. పారిజ్ అని ఓట్స్ జావ ఉంటుంది, పాలల్లోనో నీళ్లల్లోనో కాచి ఇస్తారు, అమ్మకు అదే క్షేమం, పైన చక్కెరో తేనెనో వేసుకోవచ్చు. టోస్ట్, వెన్న, జామ్, పండు, టీ. "వెజిటేరియన్" అని ఊరుకోవద్దు, అక్కడ ఆ మాటకు గుడ్డు కలిసే వస్తుంది. మాంసం వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు, పాలు పెరుగు పర్లేదు అని చెల్లెతో ఒక కార్డు మీద ఇంగ్లిష్‌లో రాయించి అమ్మ పర్సులో పెట్టు. బయట హోటళ్లలో కూడా పనికొస్తుంది.

మధ్యాహ్నం అన్నం లేకపోతే బాపు నిలవలేరు అన్నావు కదా, కింగ్స్ క్రాస్ ఆ విషయంలో మంచి చోటు. అక్కడి నుంచి యూస్టన్ వెనక డ్రమండ్ స్ట్రీట్‌కు నడిచి వెళ్లొచ్చు, దోసెలు, భేల్ పూరీ, థాలీ దొరికే శాకాహార హోటళ్లు అక్కడ ఎప్పటి నుంచో ఉన్నాయి. ఈస్ట్ హామ్‌కు వెళ్లాలన్నా రైలు మారక్కర్లేదు, మ్యాప్‌లో గులాబీ రంగులో ఉండే హామర్‌స్మిత్ అండ్ సిటీ లైన్ కింగ్స్ క్రాస్ నుంచి నేరుగా ఈస్ట్ హామ్ పోతుంది, దిగితే హై స్ట్రీట్ నార్త్ మీద ఇడ్లీ, బిర్యానీ, కూరగాయలు, బంగారం దుకాణాలు, దగ్గర్లోనే మహాలక్ష్మి గుడి. అంటే ఈస్ట్ హామ్‌లో ఉండకుండానే ఈస్ట్ హామ్ భోజనం తినొచ్చు.

ఈస్ట్ హామ్‌లో తెలుగువాళ్ల ఇంట్లో రూమ్ తీసుకోవడం తప్పని నేనను. నెల రోజులు ఉండేవాళ్లకు, వంట చేసుకోవాలనుకునేవాళ్లకు అదే హాయి, పప్పుచారు వాసన వస్తే అమ్మకు బెంగ సగం తగ్గుతుంది. కానీ వారం రోజులకు, కాన్వొకేషన్ ఊరి నడిబొడ్డున ఉన్నప్పుడు, రోజూ అంత దూరం రాకపోకలు పెద్దవాళ్లకు భారం. రెండోది, వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే గదుల్లో చాలావరకు అద్దెకున్నవాళ్లు మళ్లీ అద్దెకిచ్చేవి, అసలు ఇంటి యజమానికి తెలియదు, ఆయనకు తెలిసిన రోజు బయటికి పొమ్మనేది మీ అమ్మా బాపులనే. లండన్‌లో మొత్తం ఇంటిని ఇలా కొద్ది రోజుల అద్దెకు ఇవ్వాలంటే ఏడాదికి 90 రాత్రులకు మించితే ప్లానింగ్ అనుమతి కావాలి, 2015 నుంచి ఉన్న నియమం ఇది. మొహం తెలియనివాళ్లకు ఇక్కడి నుంచి ఫోన్‌పేలో అడ్వాన్స్ పంపమంటే అసలే వద్దు. తెలిసినవాళ్ల ఇల్లయి, చెల్లె స్వయంగా వెళ్లి చూసి వస్తే అప్పుడు ఆలోచించు.

హీత్రూ విమానాశ్రయం నుంచి కింగ్స్ క్రాస్‌కు పిక్కడిల్లీ లైన్ రైలు నేరుగా వస్తుంది, గంట పడుతుంది, హీత్రూ దగ్గర రైలు ఖాళీగా ఉంటుంది కాబట్టి సీటు దొరుకుతుంది, కింగ్స్ క్రాస్‌లో పైకి రావడానికి లిఫ్టులున్నాయి. పేడింగ్టన్ వైపు ఉంటే ఎలిజబెత్ లైన్ ఇంకా త్వరగా, అరగంటలో చేరుస్తుంది. గేటు దగ్గర బ్యాంకు కార్డు తాకిస్తే చాలు, టికెట్ కొనక్కర్లేదు, కానీ ఒక్కో మనిషికి ఒక్కో కార్డు ఉండాలి, ఇద్దరూ ఒకే కార్డు తాకిస్తే గేటు తెరుచుకోదు. బస్సుల్లో 2014 నుంచి నగదు తీసుకోరు. మీ బాబాయో మామయ్యో పాత ట్రిప్పులో మిగిలిన పౌండ్లు ఇస్తే ఒకసారి తీసి చూడు, కాగితం నోట్లయితే దుకాణాల్లో చెల్లవు, 20, 50 కాగితం నోట్ల చెలామణి 2022 సెప్టెంబర్ 30తో ఆగిపోయింది, ఇప్పుడన్నీ ప్లాస్టిక్ నోట్లే.

గదిలోకి వెళ్లేది మధ్యాహ్నం రెండో మూడో తర్వాతే. విమానం పొద్దున దిగితే సామాను డెస్క్ దగ్గర పెట్టి బయట తిరిగి రావచ్చు, దాదాపు అందరూ ఒప్పుకుంటారు, అయినా ముందే అడుగు. రాత్రి దిగే విమానమైతే మాత్రం జాగ్రత్త. చిన్న ఇళ్లలో రాత్రంతా డెస్క్ దగ్గర మనిషి ఉండడు, తొమ్మిదికో పదికో తాళం వేసి పోతాడు, ఆ తర్వాత వచ్చేవాళ్లకు తలుపు కోడ్ మెసేజ్ చేసి తాళంచెవి ఒక చిన్న పెట్టెలో పెట్టిపోతాడు. వానలో, ఫోన్ వెలుగులో, నాలుగంకెలు నొక్కి తలుపు తియ్యడం మొదటిసారి వెళ్లిన పెద్దవాళ్ల వల్ల కాదు. చెల్లె వెంట ఉండాలి. పేరు, దేశం రాయించుకుంటారు, అది అక్కడి చట్టం, పాస్‌పోర్ట్ చూస్తే చూడనివ్వండి గానీ డెస్క్ దగ్గర వదిలి రావద్దు. చెల్లెను ఒక రాత్రి అదే గదిలో సర్దుకోమని మాత్రం అనకు, ఎంతమంది లోపలున్నారో అగ్నిప్రమాదం కోసం లెక్క ఉంటుంది వాళ్లకు, మెట్ల మీద అడుగుల చప్పుడుతోనే పట్టుకుంటారు. అవసరమైతే ట్రిపుల్ రూమ్ తీసుకో.

మంచం విషయం ఒక్క ముక్క, అక్కడ "డబుల్" అంటే నాలుగున్నర అడుగుల వెడల్పే, మన ఇంట్లో ఆరడుగుల మంచాల మీద పడుకున్నవాళ్లకు ఇరుకు. ట్విన్ అడుగు. ఏసీ, సీలింగ్ ఫ్యాన్ రెండూ ఉండవు. రామగుండం ఎండలు చూసినవాళ్లం మనకేం అనుకుంటాం గానీ 2022 జూలైలో అక్కడ 40 డిగ్రీలు దాటింది, చలికాలం కోసం కట్టిన ఇల్లు, కప్పు కింది గది, కిటికీ జానెడు తెరుచుకుంటుంది, నిద్ర పట్టదు. టేబుల్ ఫ్యాన్ అడిగితే ఇస్తారు, ఉన్నవి కొన్నే కాబట్టి మొదటిరోజే అడగాలి. రోడ్డు వైపు గదికి యూస్టన్ రోడ్డు సైరన్లు వినిపిస్తాయి, వెనక వైపు గది నయం. మన ఛార్జర్లు అక్కడి ప్లగ్గుల్లో పట్టవు, అడాప్టర్ రెండు ఇక్కడే కొని పంపు.

స్టార్ల మాట అడిగావు. గెస్ట్‌హౌస్‌కు ఇచ్చే స్టార్లు వేరు, హోటల్‌కు ఇచ్చేవి వేరు, రెండిటినీ పక్కన పెట్టి పోల్చకు. రివ్యూల్లో నంబర్ వదిలేసి, "స్టెయిర్స్", "హాట్ వాటర్", "క్లీన్" అనే మాటలు వెతుకు, అరవై దాటినవాళ్లు ఏం రాశారో అది చదువు. చూపించే ధరలో 20 శాతం వ్యాట్ కలిసే ఉంటుంది, మన దగ్గరలా చివర్లో జీఎస్టీ అని కలపరు. వీసా చేతికి రాకముందు డబ్బు తిరిగిరాని బుకింగ్ చెయ్యొద్దు, ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్నదే తీసుకో, నాలుగు పౌండ్లు ఎక్కువైనా సరే. ఇంకా ఆగితే జూలైలో ధరలు పెరగడమే గానీ తగ్గడం ఉండదు, కాన్వొకేషన్లూ టూరిస్టులూ ఒకేసారి వస్తారు.

మెయిల్ ఇలా రాయి, ఇంగ్లిష్‌లో నాలుగు లైన్లు చాలు. మా అమ్మానాన్నలు ఫలానా తేదీల్లో వస్తున్నారు, ఇద్దరూ పెద్దవాళ్లు, నాన్నకు మోకాళ్ల సమస్య ఉంది. గ్రౌండ్ ఫ్లోర్‌లో గానీ ఫస్ట్ ఫ్లోర్‌లో గానీ ట్విన్ ఎన్‌స్వీట్ గది ఖాయంగా ఇవ్వగలరా? వీధి నుంచి గది తలుపు దాకా ఎన్ని మెట్లు, బ్రేక్‌ఫాస్ట్ గదికి ఎన్ని? షవర్ ట్రే గట్టు ఎంత ఎత్తు? అమ్మ మాంసం, చేప, గుడ్డు తినదు, పొద్దున ఏం ఇవ్వగలరు? విమానం ఫలానా టైంకు దిగుతుంది, అప్పుడు డెస్క్ దగ్గర ఎవరైనా ఉంటారా? అంతే. మెట్ల లెక్క అంకెల్లో రాసి పంపినవాళ్లు నమ్మదగినవాళ్లు. "డోంట్ వర్రీ, విల్ ట్రై అవర్ బెస్ట్" అని వస్తే వేరేది చూసుకో.

స్క్రీన్‌షాట్లలో లేదు గానీ, నువ్వు పెట్టిన లింకు తెరిచి చూస్తే ఆ ధర "బేస్‌మెంట్ డబుల్, షేర్డ్ బాత్రూమ్" గదిది, బాపుకు అది పనికిరాదు. అదే ఇంట్లో ఎన్‌స్వీట్ ట్విన్‌కు ఎంత అడుగుతారో కనుక్కో, కింది గది ఇవ్వలేం అంటే, ఎలిజబెత్ లైన్ సౌకర్యం ఉంది కాబట్టి ససెక్స్ గార్డెన్స్ వైపు చూడు. జవాబులు వచ్చాక ఇక్కడ పెట్టు, ఏది తీసుకోవాలో చూసి చెప్తా.